పదిహేనేళ్లు దాటితే కారు తుక్కుకేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

పాత కార్ల మీద ఈమధ్య మీ పేపర్లో వార్త వచ్చిన దగ్గర్నుంచి మా అపార్ట్‌మెంట్‌లో ఇదే చర్చ అండి. పదిహేనేళ్లు నిండితే ఇంక రోడ్డెక్కనివ్వరంట, ఆపి తీసుకెళ్లిపోతారంట, ఇప్పుడే ఎంతకొస్తే అంతకి వదిలించుకోండి అని ఎవరో వాట్సాప్‌లో పెట్టారు, అది చూసి మా కింద ఫ్లోర్‌లో ఉండే పెద్దాయన శుభ్రంగా నడుస్తున్న కారుని బ్రోకర్ అడిగిన రేటుకి ఇచ్చేయడానికి రెడీ అయిపోయారు. అందుకే ఈ లెటర్ రాస్తున్నా.

ముందు ఆ భయం సంగతి. డీజిల్‌కి పదేళ్లు, పెట్రోల్‌కి పదిహేనేళ్లు అన్నది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. మన హైదరాబాద్‌కి ఆ రూల్ లేదు. ఇక్కడ సొంత కారు ఆర్సీ, అంటే రిజిస్ట్రేషన్, పదిహేనేళ్లకి అయిపోతుంది, ఆర్టీఏ (రవాణా శాఖ) ఆఫీసులో బండి చూపించి ఫిట్‌గా ఉంటే ఇంకో ఐదేళ్లకి రెన్యువల్ చేయించుకోవచ్చు, ఆ తర్వాత మళ్లీ ఐదేళ్లు. కాకపోతే ఖర్చు పెరిగింది, అది నిజం. 600 ఉన్న ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, ఇరవై ఏళ్లు దాటిన కారుకైతే 2025 నుంచి 10,000 చేశారు, గ్రీన్ ట్యాక్స్ వేరే. గడువుకి 60 రోజుల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు, లేట్ చేస్తే మాత్రం నెలకి 500 చొప్పున పడుతుంది, కాబట్టి ఏపీ 28, ఏపీ 29 అని తెలంగాణ రాకముందు నెంబర్లున్న వాళ్లంతా ఇవాళే ఆర్సీ తీసి డేట్ చూసుకోండి.

ఇంక అసలు విషయం. మాది 2011లో కొన్న పెట్రోల్ కారు, లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. నాచారం నుంచి మాదాపూర్‌కి రోజూ ఆ ట్రాఫిక్‌లో క్లచ్ మీద కాలు పెట్టి నడిపితే ఏ బండైనా అరుగుతుంది కదా. మొన్న ఒక సర్వీస్ సెంటర్‌లో ఇస్తే క్లచ్ సెట్, నాలుగు షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్స్ (ముందు చక్రాల్ని బండికి పట్టి ఉంచేవి), ఇంజిన్‌ని పట్టుకునే మౌంటింగ్‌లు, ఏసీ కంప్రెసర్ అన్నీ కలిపి 86 వేలు ఎస్టిమేట్ రాసిచ్చి, మేడమ్ ఈ కారు అమ్మితే లక్ష రాదు, దీనికింత పెట్టడం వేస్ట్, ఎక్స్‌చేంజ్‌లో కొత్తది తీసుకోండి అన్నారు. మా ఆయన, మా మరిది, ఆఫీసు వాళ్లు అందరిదీ అదే మాట. లక్ష బండికి ఎనభై వేలా అని.

ఈ లెక్కే తప్పు అని నా గట్టి నమ్మకం అండి. నేను కారు అమ్మట్లేదు, వాడుకుంటున్నా. అమ్మితే ఎంతొస్తుంది అన్నది అమ్మేవాడికి కావాల్సిన లెక్క. వాడుకునేవాళ్లు చూడాల్సింది ఒకటే, ఈ బండిని ఇంకో ఏడాదో రెండేళ్లో నమ్మకంగా నడపడానికి ఎంతవుతుంది, దీని బదులు ఇంకోటి కొంటే అదే ఏడాదికి ఎంతవుతుంది అని. ఎనిమిది లక్షల కారు తీసుకుంటే మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్సే 14 శాతం, అంటే లక్షా పన్నెండు వేలు, అది రోడ్డెక్కకముందే పోయింది. ఆరు లక్షలు లోన్ పెట్టి 9 శాతం వడ్డీకి ఐదేళ్లు కడితే నెలకి పన్నెండున్నర వేల దాకా ఈఎంఐ, ఏడాదికి లక్షన్నర. లోన్ మీద తీసుకున్న కొత్త కారుకి ఫుల్ ఇన్సూరెన్స్ తప్పదు, మా పాతదానికి థర్డ్ పార్టీ ఒక్కటే కడుతున్నాం. జీఎస్టీ తగ్గింది కదా అంటారు. నిజమే, 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద 18 శాతమే. కానీ స్పేర్ పార్ట్స్ మీద కూడా 28 నుంచి 18కే వచ్చింది, ఆ మాట ఏ షోరూమ్ వాడూ చెప్పడు. పైగా కొత్తదాని రేటు దిగితే మనం ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చే పాతదాని రేటు కూడా దాంతోపాటే దిగుతుంది.

ఆ ఎస్టిమేట్ కాగితం పట్టుకుని మల్లాపూర్ దగ్గర మాకు తెలిసిన మెకానిక్ షెడ్డుకి వెళ్లా. ఆయన బండి పైకెత్తి, లోయర్ ఆర్మ్ దగ్గర టామీ రాడ్ (ఇనప కడ్డీ) పెట్టి కొంచెం లేపి చూపించాడు, లోపల బుష్ రబ్బరు పీలికలు పీలికలుగా చీలిపోయి ఇనుముకి ఇనుము తగులుతోంది. స్పీడ్ బ్రేకర్ మీద టకటకమని సౌండ్ అదే. ఇది వెంటనే మార్చాలమ్మా, స్టీరింగ్ సంగతి అన్నాడు. వెనక షాక్ అబ్జార్బర్లు తుడిచి చూస్తే ఆయిల్ లీకేజీ లేదు, అవి ఉండనివ్వమన్నాడు. ఆయిల్ పోసే మూత తిప్పి లోపల తెల్లగా వెన్నలాంటి జిగురు ఉందేమో చూశాడు, అలా ఉంటే కూలెంట్ ఆయిల్లో కలుస్తున్నట్టంట, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగం కింద ఉండే సీల్) పోయినట్టు అనుమానించాలంట. లేదు. గేజ్ పెట్టి నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్, అంటే లోపలి ప్రెజర్, చూశాడు, నాలుగూ సరిపడా, దగ్గరదగ్గరగానే ఉన్నాయి, అంటే ఇంజిన్ అరిగిపోయి బోర్ చేయించే స్థితికి ఇంకా రాలేదు. సైలెన్సర్ నుంచి నీలం పొగ (ఇంజిన్ ఆయిల్ మండుతుంటే వచ్చేది) కూడా లేదు. క్లచ్, లోయర్ ఆర్మ్స్, ఒక మౌంటింగ్, ఇంజిన్‌లో వాల్వుల్ని సరైన టైమ్‌కి తెరిపించే టైమింగ్ బెల్ట్ చేయించా, రాణీగంజ్ నుంచి ఒరిజినల్ పార్ట్స్ తెప్పించి లేబర్‌తో కలిపి 34 వేలు. ఏసీ ఎండాకాలం ముందు చూద్దాం అన్నాడు. ఆ టైమింగ్ బెల్ట్ మాట సర్వీస్ సెంటర్ కాగితంలో అసలు లేనేలేదు, కానీ బెల్ట్ ఉన్న చాలా ఇంజిన్లలో అది తెగితే వాల్వులు వంగిపోయి అప్పుడు నిజంగానే కారు రేటంత బిల్లు అవుతుంది.

అలాగని ప్రతి పాత బండీ ఉంచుకోమని నేను అనను. కింద ఛాసిస్ తుప్పు పట్టి వెల్డింగులు పడితే, యాక్సిడెంట్‌లో ఫ్రేమ్ వంగితే, ఇంజిన్ గేర్‌బాక్స్ రెండూ ఒకేసారి రిపేర్‌కొస్తే, పార్ట్స్ దొరకని మోడల్ అయితే తీసేయాల్సిందే. 2020 అక్టోబర్ వరదల్లో మునిగిన కార్లు ఉన్నాయి, వాటి వైరింగ్ ఎప్పుడు మొండికేస్తుందో ఎవరూ చెప్పలేరు. ఇంకొకటి నన్ను నిజంగా ఆలోచనలో పడేసేది సేఫ్టీ. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ కంపల్సరీ అయింది 2019 జూలైలో, ముందు రెండు సీట్లకీ అయింది 2022 నుంచి. మా కారులో ఒక్కటీ లేదు. సిటీలో తిరగడానికి పర్లేదు అనుకుంటున్నా గానీ, పిల్లల్ని ఎక్కించుకుని వారంవారం ఔటర్ రింగ్ రోడ్డు మీదో విజయవాడ హైవే మీదో వెళ్లేవాళ్లయితే రిపేర్ ఎంత తక్కువైనా సరే మార్చుకోమనే చెప్తా. అక్కడ డబ్బు లెక్క కాదు. మార్చేటప్పుడు కూడా బ్రోకర్‌కి ఊరికే ఇచ్చేయకుండా, ఓనర్‌షిప్ ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా కాగితాలు వెంటపడి చూసుకోండి, లేకపోతే చలాన్లు మన పేరు మీదే వస్తాయి.

ఎడిటర్ గారూ, మీ ఆటో పేజీలో ప్రతి వారం కొత్త మోడళ్ల రివ్యూలే ఉంటున్నాయి. పదేళ్లు పన్నెండేళ్లు దాటిన కారు ఉన్నవాళ్లు మీ పాఠకుల్లో ఎంతోమంది ఉంటారు. ఆర్సీ రెన్యువల్‌కి ఏమేం కాగితాలు కావాలి, ఏ ఆఫీసుకి పోవాలి, స్క్రాప్‌కి ఇస్తే ట్యాక్స్‌లో రాయితీ ఎలా వస్తుంది, కంప్రెషన్ టెస్ట్ అడిగి ఎలా చేయించుకోవాలి, ఇవి తెలుగులో వివరంగా వేయండి. ఆర్టీఏ వాళ్లు కూడా పదిహేనేళ్ల రూల్ గురించి ఒక క్లియర్ ప్రకటన ఇస్తే ఈ వాట్సాప్ భయాలు ఆగుతాయి. మా కింద ఫ్లోర్ పెద్దాయనకి నేను చెప్తే నమ్మట్లేదు, పేపర్లో వస్తే నమ్ముతారు.

ఇట్లు
మీ పాఠకురాలు,
నాచారం, హైదరాబాద్