సన్మాన వేదిక ఎక్కించే ముందు

సంపాదకుల వారికి నమస్కారం.

పక్షవాతం వచ్చి కోలుకుంటున్న పెద్ద కళాకారులను మళ్లీ వేదిక మీదికి పిలవడం మంచి పని. వాళ్లకు అది మందులతో సమానమైన బలం ఇస్తుంది. అయితే మన సన్మాన సభలు జరిగే పద్ధతి ఆ మనిషి ఒంటికి ఏమాత్రం సరిపడదు. స్ట్రోక్ తర్వాత మాట, నడక తిరిగి నేర్పే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి నిర్వాహకులకు కొన్ని సంగతులు చెప్పాలని ఈ లేఖ.

ముందు ఒక ఉదాహరణ. అమెరికా టీవీ వ్యాఖ్యాత డిక్ క్లార్క్ పేరు మీద న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ కొత్త సంవత్సరం కార్యక్రమం 1972 నుంచి వస్తోంది. 2004 డిసెంబరు 6న ఆయనకు స్ట్రోక్ వచ్చింది. ఆ నెలాఖరు కార్యక్రమాన్ని మరో టీవీ వ్యాఖ్యాత రీజిస్ ఫిల్బిన్ నడిపారు. మరుసటి ఏడాది డిసెంబరు 31న, 76 ఏళ్ల వయసులో, క్లార్క్ తిరిగి వచ్చారు. మాట ముద్దగా ఉంది. ఇంకా పూర్తిగా బాగుపడలేదని ఆయనే తెర మీద చెప్పారు. ఈ స్థితిలో ఎందుకు కనిపించాలి అన్నవాళ్లున్నారు, స్ట్రోక్ నుంచి బయటపడి ఆయన్ని చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. మేం చూడమనేది పని పంచిన తీరును. బయట చలిలో, జనంలో తిరిగే భాగం తోటి వ్యాఖ్యాత ర్యాన్ సీక్రెస్ట్‌ది. క్లార్క్ లోపల బల్ల దగ్గర కూర్చున్నారు. అర్ధరాత్రి అంకెల లెక్కింపు మాత్రం ఆయనకే ఉంచారు. నాలుక మందగించినవారికి పొడుగు వాక్యం మధ్యలో ఊపిరి చాలదు, చివరి మాటలు కలిసిపోతాయి. అంకెకు ఒక్క మాట చాలు. అలా 2011 డిసెంబరు 31 దాకా ఏటా వచ్చారు. 2012 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

మన దగ్గర మొదటి ప్రమాదం జ్యోతి ప్రజ్వలన దగ్గరే. చెప్పులు విప్పమంటారు. పాదం వాలిపోయే వారికి బూటులో పెట్టే ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. బూటు విప్పితే అదీ పోతుంది, కాలివేళ్లు కార్పెట్ అంచుకో మైకు వైరుకో తగులుకుంటాయి. సన్మానం అందుకునే కళాకారుణ్ని కుర్చీలోనే ఉంచి, దీపం మరొకరు వెలిగించాలి.

మెట్లకు రెండు వైపులా పట్టుకునే కమ్మీ కావాలి. ఒక్క వైపే ఉంటే ఎక్కేటప్పుడు మంచి చేతికి అందింది దిగేటప్పుడు అందదు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. సాయం చేసేవారు బలహీనమైన వైపున, ఎప్పుడూ ఒక మెట్టు కిందే ఉండాలి. వేదిక మీద మెత్తటి సోఫాలు, సింహాసనాలు వద్దు. కూర్చుంటే దిగబడిపోతాయి, లేవడానికి ఇద్దరు లాగాల్సి వస్తుంది. చేతులున్న గట్టి కుర్చీ, 18 నుంచి 20 అంగుళాల ఎత్తుది వేయండి.

లాగడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పడిపోయిన చేతి భుజంలో కండరాల బిగువు ఉండదు. చెయ్యి బరువుకే ఎముక కీలులోంచి కొంచెం కిందికి జారి ఉంటుంది. ఫొటో కోసం ఆ చెయ్యి పట్టి లేపితే, చంక కింద చెయ్యి వేసి ఎత్తితే, భుజం నొప్పి మొదలై నెలల తరబడి వేధిస్తుంది. గజమాల కూడా వద్దు. శాలువా పలచటిది, వెనక నుంచి కప్పండి. జ్ఞాపికను ఆయన చేతిలో పెట్టకుండా బల్ల మీద ఉంచండి. మంచి చెయ్యి కర్ర పట్టుకుని ఉంటుంది, రెండో చెయ్యి పట్టు నిలవదు.

ఇక మాట. ఇందులో రెండు రకాలున్నాయి, చాలామంది కలిపేస్తారు. ఒకటి డిసార్త్రియా: ఏం చెప్పాలో తెలుసు, పెదవి, నాలుక, ఊపిరి సహకరించవు. ట, డ, ణ, ళ అక్షరాలకు నాలుక మడత పడదు, ఒత్తులు జారిపోతాయి. రెండోది అఫేసియా: మాటే దొరకదు. కుర్చీని చూస్తూ కుర్చీ అనలేరు. తెలివి తగ్గిందని పొరబడవద్దు. ఇలాంటి వారిలో కొందరు మాట్లాడలేకపోయినా పాడగలరు, ఎందుకంటే బాణీతో కలిసి నేర్చుకున్న మాటలకు మెదడు కుడి భాగం ఆసరా ఇస్తుంది. 2013లో స్ట్రోక్ వచ్చిన అమెరికా గాయకుడు ర్యాండీ ట్రావిస్ 2016లో ఒక భక్తిగీతం పాడగలిగారు, మాట మాత్రం అప్పటికీ కష్టంగానే ఉంది. మన సభల్లో పద్యం చక్కగా పాడారు కదా అని వెంటనే మైకు ముందుకు తోసి "రెండు మాటలు చెప్పండి" అంటారు. ఆ నిశ్శబ్దంలో ఆ పెద్దాయన పడే వేదన చూడలేం. పాట ఒప్పుకుంటే పాటతోనే ముగించండి.

పద్యం పాడించే ముందు ఇంట్లో ఒక చిన్న పరీక్ష: ఒక్క ఊపిరిలో "ఆ" అని ఎంతసేపు పట్టగలరో చూడండి. పది సెకన్లు నిలవకపోతే రాగం తీయించవద్దు, పాదానికి రెండు చోట్ల ఊపిరి గుర్తు పెట్టి చదివించండి. కాగితం మీద లైనుకు నాలుగైదు మాటలే, పెద్ద అక్షరాలతో ఉండాలి. ఎడమ వైపు గమనించలేని వారు లైను మొదటి మాటలు వదిలేస్తారు, వారికి ఎడమ అంచున ఎర్రగీత గీయండి. చేతి మైకు బదులు స్టాండు మైకు నోటి దగ్గరగా పెట్టి, గొంతు బలహీనంగా ఉంటుందని సౌండ్ కుర్రాడికి ముందే చెప్పండి.

నోట్లో లడ్డూ పెట్టి నీళ్లు తాగించే ఆప్యాయత మానుకోవాలి. మింగడంలో ఇబ్బంది ఉన్నవారికి పొడిపొడి తిండీ, పలచటి నీళ్లూ గాలిగొట్టంలోకి పోతాయి. కొందరికి దగ్గు కూడా రాదు, తర్వాత న్యుమోనియాగా బయటపడుతుంది.

కొందరు కారణం లేకుండా ఏడుస్తారు, లేదా నవ్వు ఆపుకోలేరు. మెదడులో అదుపు దెబ్బతినడం వల్ల అలా జరుగుతుంది. అప్పుడు కెమెరా పక్కకు తిప్పి, మాట మార్చండి. ఆనందబాష్పాలని శీర్షిక పెట్టవద్దని పత్రికల వారికీ మనవి.

సభ ఆరింటికైతే ఆయన వంతు ఆరున్నరకల్లా రావాలి, ఏడింటికి ఇంటికి పంపాలి. చివరి వక్త దాకా కూర్చోబెడితే ఆ అలసట రెండు మూడు రోజులు వదలదు. రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు తమ హాళ్లలో వేదిక మెట్లకు రెండు వైపులా కమ్మీలు, పక్కగా ఒక ర్యాంపు వేయించాలని కోరుతున్నాం. ఆహ్వానపత్రిక అచ్చు వేయించే ముందు ఆ కళాకారుణ్నే అడగండి, ఇంట్లోవాళ్లతో సరిపెట్టకండి. రానంటే ఆ మాట గౌరవించండి.

— స్పీచ్ థెరపిస్టులం, ఫిజియోథెరపిస్టులం కొందరం, హైదరాబాద్