పెడిగ్రీ కాగితం ఒక్కటే చాలదు

అయ్యా,

మా జర్మన్ షెపర్డ్ కుక్కకి నాలుగేళ్లే. లేవాలంటే ముందుకాళ్ల మీద బరువంతా వేసి, నడుము ఈడ్చుకుంటూ లేస్తాడు. టైల్స్ మీద వెనకకాళ్లు చెరోవైపు జారిపోతాయి. తుంటి కీలు సరిగా అమరకపోవడం పెద్ద జాతుల్లో ఎక్కువ, వంశంలో వస్తుంది. అమ్మినాయన పెడిగ్రీ (వంశావళి) సర్టిఫికెట్ చూపించాడు గానీ తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే అడిగితే నవ్వాడు. తల్లిని చూస్తామంటే తలుపే తీయలేదు. పాపం, అదెలా ఉందో!

2017 కేంద్ర నిబంధనల ప్రకారం బ్రీడర్, అంటే కుక్కల్ని ఈనించి పిల్లల్ని అమ్మేవారు, రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. 8 వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. ఆడకుక్కకు జీవితంలో 5 కాన్పులు మించకూడదు. ఎవరు తనిఖీ చేస్తున్నారు? పశుసంవర్ధక శాఖ నమోదైన బ్రీడర్ల జాబితాను జిల్లాలవారీగా బయటపెట్టాలి.

– ఒక పాఠకురాలు, విజయవాడ