నడుము వంగిన గప్పీలు

సంపాదకుడు గారికి,

మా తొట్టిలో గప్పీలు (చిన్న అలంకార చేపలు) పిల్లలు పెట్టిన ప్రతిసారీ రెండు మూడింటికి నడుము వంగి ఉంటోంది. ఒకే కాన్పు చేపల్ని మళ్లీ మళ్లీ జతకట్టిస్తే ఇలాంటివి పెరుగుతాయి. అంటే తప్పు నాదే. వీటినేం చేయాలని చేపల దుకాణంలో అడిగితే "టాయిలెట్లో వేసి ఫ్లష్ కొట్టండి సార్" అన్నారు. అలా వేస్తే వెంటనే చావదు, నరకం చూస్తుంది. పుణ్యమని స్వర్ణాల చెరువులో వదలడమూ సరికాదు. గప్పీ మన నీళ్ల చేప కాదు.

వంకరగా ఈదినా మేత కోసం అందరికన్నా ముందు పైకొచ్చేదాన్ని చంపబుద్ధి కాలేదు. అలాంటివాటిని ఆడ, మగ విడదీసి పెంచుతున్నాను. ఈదలేక అడుగున పడి ఉన్నదానికి మాత్రం లవంగనూనె ఎక్కువ మోతాదులో కలిపిన నీళ్లే నయం, మత్తులో పోతుంది.

అన్నట్టు, మనుషులే సంకరం చేసి పుట్టించిన, నోరు సరిగా మూసుకోని బ్లడ్ ప్యారట్ చేపను మాత్రం ముచ్చటపడి కొంటున్నాం!

- ఒక పాఠకుడు, మాగుంట లేఅవుట్, నెల్లూరు