రేణిగుంట విమానాలు మన ఆడపిల్లలు చూడ్డానికేనా?
పైలట్ కావాలంటే ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో తిరుపతి చుట్టుపక్కల ఆడపిల్లలకు చెప్పేవాళ్లే లేరు. 1936లోనే సరళా తుక్రాల్ 21 ఏళ్లకే, నాలుగేళ్ల బిడ్డకు తల్లయి ఉండి, చీరకట్టుతో జిప్సీ మాత్ విమానాన్ని ఒంటరిగా నడిపింది. మా అక్క కూతురు పదో తరగతి, లెక్కల్లో ఫస్టు, రేణిగుంటలో విమానం దిగుతుంటే పుస్తకం ఒళ్లో పెట్టుకుని అది కనుమరుగయ్యేదాకా చూస్తుంది, కానీ బడిలో కెరీర్ గైడెన్స్ రోజున ఆమెకు చెప్పింది నర్సింగ్, టీచర్ ట్రైనింగే. ఇదేం న్యాయం? విద్యాశాఖ ఏడాదికోసారైనా ఈ పిల్లల్ని ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లి ఒక మహిళా పైలట్‌తో మాట్లాడించాలి, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ తప్పనిసరని చెప్పాలి, శిక్షణకు లక్షల్లో ఖర్చవుతుంది కాబట్టి బ్యాంకు లోన్ల సంగతి తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి వివరించాలి.
- ఒక పాఠకురాలు, రేణిగుంట