చేపని కాలవలో వదిలెయ్యమని పిల్లలకి చెప్పకండి

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో ఇంట్లో అక్వేరియం పెట్టుకోవడం గురించి అరపేజీ వ్యాసం వేశారు. బొమ్మలు బాగున్నాయి. నీళ్ళు ఎన్నాళ్ళకి మార్చాలో, మేత ఎంత వెయ్యాలో రాసింది కూడా సరిగ్గానే ఉంది. చివర్లో మాత్రం, చేపలు మరీ పెద్దవైతే దగ్గర్లో ఉన్న చెరువులోనో కాలవలోనో వదిలెయ్యవచ్చని ఒక్క ముక్క తగిలించారు. ఈ ఉత్తరం ఆ ఒక్క ముక్క గురించే. పోయిన కార్తీక మాసంలో సరిగ్గా ఆ పనే చెయ్యబోయి, బకెట్‌తో సహా వెనక్కి వచ్చినదాన్ని నేను.

నేను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాను. చేపల శాస్త్రం చదువుకోలేదు. ఆ చేప మా ఇంటికి వచ్చింది మనవడి ఏడో పుట్టినరోజుకి. మా అబ్బాయి రెండున్నర అడుగుల ట్యాంకు, ఆరు గోల్డ్‌ఫిష్‌లు కొన్నాడు. డబ్బులు కట్టి బయటికొస్తుంటే కొట్టు కుర్రాడు, "ఇదొకటి తీసుకెళ్ళండి ఆంటీ, అద్దాలకి పట్టిన పాచంతా తినేస్తది, మీకు కడిగే పనుండదు" అని, నా బొటనవేలంత నల్ల చేపపిల్లని కవర్లో వేసిచ్చాడు. 30 రూపాయలు. సక్కర్ ఫిష్ అన్నాడు. ఎంత పెద్దదవుతుందని మేము అడగలేదు, అతను చెప్పలేదు. మావాడు దానికి చిట్టి అని పేరు పెట్టాడు.

మూడేళ్ళకి అద్దం మీద టేపు పెట్టి కొలిస్తే 13 అంగుళాలు వచ్చింది. ట్యాంకు వెడల్పు ఒక అడుగు. అటు తిరగాలన్నా ఇటు తిరగాలన్నా పాపం తోక మడుచుకోవాల్సిందే. అప్పటికి చిట్టి అనే పేరు పోయి బకాసురుడు అయింది. పాచి తినడం నిజమే, చిన్నప్పుడు. పెద్దయ్యాక ఆ పాచి దానికి ఏ మూలకీ చాలదు. పైగా తిన్నదంతా పొద్దునకల్లా గులకరాళ్ళ మీద నల్లదారాల్లా పరిచేది. కడిగే పనుండదన్న మాట నమ్మి, వారానికి రెండుసార్లు కడిగాను.

అసలు గొడవ అది కాదు. గోల్డ్‌ఫిష్‌లలో అన్నిటికంటే పెద్దదానికి ఒక పక్క పొలుసులు ఊడి తెల్లగా అయిపోయింది. ఏదో జబ్బనుకున్నాం. ఒక రాత్రి నిద్రపట్టక రెండు గంటలప్పుడు లేచి టార్చి వేసి చూశాను. గోల్డ్‌ఫిష్ అడుగున కదలకుండా నిద్రపోతోంది. బకాసురుడు దాని డొక్కకి అంటుకుని ఉన్నాడు. ఒంటి మీది జిగురుని గీకి తింటున్నాడు. వెలుతురు పడగానే వదిలేసి వచ్చి అద్దానికి కరుచుకున్నాడు. ఆ నోరు ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? కుళాయి వాషరులా గుండ్రంగా ఉండి, చుట్టూ సన్నటి బుడిపెలుంటాయి. కన్ను ఇంకా వింత. వెలుతురు పడితే కంటిపాప మీదికి పైనుంచి చిన్న తెర లాంటిది దిగుతుంది, అచ్చం కన్ను కొట్టినట్టే. చేసిన పనికి నాకు కన్ను కొడుతున్నాడే అనిపించి, ఆ అర్ధరాత్రి నవ్వొచ్చింది.

మర్నాటి నుంచి రాత్రిళ్ళు సొరకాయ ముక్కో కీరా ముక్కో చెంచాకి గుచ్చి ట్యాంకులో వేశాను. గీకడం చాలావరకు తగ్గింది. ఆకలితో చేసిన పనే తప్ప వాడిది దుర్మార్గం కాదని అర్థమైంది. కానీ ఆకలి తీర్చగలను గాని అడుగు వెడల్పు ట్యాంకుని రెండడుగులు చెయ్యలేను కదా.

సలహాలకేం కొదవ లేదు. "కాలవలో వదిలెయ్యండి వదినగారూ, ఒక ప్రాణాన్ని విడిపించిన పుణ్యం" అంది పక్కింటావిడ. నాకూ బాగానే అనిపించింది. మాది విజయవాడలో గుణదల, ఏలూరు కాలవ నడిచి వెళ్ళే దూరంలోనే ఉంది. కార్తీకంలో తెల్లవారుజామున దీపాలు వదలడానికి ఎలాగూ వెళతాను. అరటి దొప్పలో దీపం ఒక చేత్తో, బకెట్‌లో బకాసురుడు ఇంకో చేత్తో బయల్దేరాను. మనవడు వెనకాల స్వెట్టరేసుకుని నిద్రమొహంతో.

రేవు దగ్గర ఒకాయన విసురు వల బాగు చేసుకుంటూ కూర్చున్నాడు. "ఏంటి మామ్మగారూ బకెట్‌లో?" అన్నాడు. చేప బాబూ, వదిలేద్దామని తెచ్చాను అన్నాను. లేచొచ్చి తొంగిచూసి, "అమ్మబాబోయ్, ఇంకోటా!" అని నుదురు కొట్టుకున్నాడు. తర్వాత నన్ను గట్టు మీదికి తీసుకెళ్ళి చూపించాడు. ఐదో ఆరో ఉన్నాయి, మా వాడి లాంటివే, కొన్ని ఇంకా పెద్దవి. ఎప్పుడు పట్టాడో ఏమో, ఇంకా నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. ఒకదాన్ని కాలితో కదిపితే తుప్పు పట్టిన తలుపులా కిర్రుమంది.

"ఇవి సంతకి తీసుకెళితే ఎవడూ కొనడు. ఒళ్ళంతా రేకు. రెక్కల్లో ముల్లుంటది చూడండి, అది విప్పి బిగించిందంటే వల కొయ్యాల్సిందే. ఎండాకాలం కాలవ కట్టేసినప్పుడు రండి, గట్టుకి ఎన్ని బొరియలు పెట్టినయ్యో చూపిస్తా. మీ పుణ్యం సంగతేమో గానీ మామ్మగారూ, నా వల పోద్ది."

చిరిగిన వల చేతిలో పట్టుకుని ఆ మాటంటే ఇంక నేనేం మాట్లాడతాను? దీపం వదిలి, బకెట్ తీసుకుని ఇంటికొచ్చేశాను. దారిలో మనవడు, "మరి ఆ గట్టు మీది చేపలు కూడా ఎవరో పుట్టినరోజుకి కొన్నవేనా నానమ్మా?" అని అడిగాడు.

అవునన్నమాటే. ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. ఈ చేప పుట్టిల్లు దక్షిణ అమెరికా, అమెజాన్ వైపు నదులు. అక్వేరియం వ్యాపారం ద్వారా మన దాకా వచ్చింది. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిపోయినా పైకొచ్చి గాలి మింగి పొట్టతోనే ఊపిరి పీల్చుకోగలదు. అందుకే గట్టు మీద పడేసినా అంతసేపు బతుకుతుంది, మురికి కాలవలోనూ హాయిగా ఉంటుంది. గట్టుకి బొరియ తవ్వి అందులో గుడ్లు పెడితే మగచేప కాపలా కాస్తుంది. హైదరాబాద్‌లో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ సంస్థ శాస్త్రవేత్తలు నీటి నమూనాల్లో దొరికే డీఎన్‌ఏ జాడల్ని బట్టి ఏ చేప ఉందో చెప్పే పద్ధతిలో తూర్పు కనుమల్లో వెతికితే 60 శాతం నీటి వనరుల్లో ఇది ఉన్నట్టు తేలింది. మన జాలర్లు దీన్ని దెయ్యం చేప అంటున్నారు. కవర్లో కట్టి ఇంటికి తెచ్చుకుని, పెంచి, మళ్ళీ కాలవలో పోసింది మనం. పేరు మాత్రం దానికి పెట్టాం.

ఇదొక్కటే కాదు. 2018 వరదల తర్వాత కేరళ జాలర్ల వలల్లో అరపైమా, అలిగేటర్ గార్ లాంటి విదేశీ చేపలు పడ్డాయి. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులోనూ ఆ మొసలి మూతి గార్ బయటపడింది. అంత దూరం ఎందుకు, 2024 సెప్టెంబరులో మా ఊరి బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా చెల్లెలి ఇంట్లోకి నడుములోతు నీళ్ళొచ్చాయి. బీరువా, ఫ్రిజ్, బియ్యం డబ్బా, అన్నీ పోయాయని లెక్క చెప్పుకుంది. ఫిష్ ట్యాంకు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నీళ్ళు తీశాక చూస్తే ట్యాంకు పగలకుండా ఉంది, చేపలే లేవు. బుడమేరు వెళ్ళి కలిసేది కొల్లేరులో.

సరే, వదలకూడదు. మరేం చెయ్యాలి? కొన్న కొట్టుకే ఫోన్ చేశాను. "పెద్దవి తీసుకోమండీ, చిన్నదైతే చూసేవాళ్ళం" అన్నారు. చిన్నదైతే నేనెందుకిస్తాను! ఇంకో కొట్టాయన మర్యాదగా మాట్లాడాడు. వారానికి ఇద్దరు ముగ్గురు ఇలాగే తెస్తారనీ, పెట్టడానికి తన దగ్గర చోటు లేదనీ చెప్పాడు. మీరు మళ్ళీ అవే చిన్న పిల్లల్ని అమ్ముతున్నారు కదండీ అంటే నవ్వేసి ఊరుకున్నాడు.

మా కోడలు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో పెట్టింది. వేపుడు బాగుంటుందా అని అడిగినవాళ్ళే ఎక్కువ. నిజంగా అడిగిన నలుగురికీ ఫోన్ చేసి ఒకటే పద్ధతిలో ప్రశ్నలు వేశాను. ట్యాంకు పొడవెంత? అందులో ఇప్పుడెవరున్నారు? రాత్రి ఏం పెడతారు? ఎక్స్‌ఛేంజిలో అలవాటు కదా, నంబరు అడిగి గాని లైను కలపను.

ఒకాయనది రెండడుగుల ట్యాంకు. ఇంకొకాయన ఇంట్లో వాస్తు కోసం కొన్న ఫ్లవర్‌హార్న్ ఉంది. నెత్తి మీద బొడిపె ఎంత పెద్దదైతే అంత అదృష్టమని వేలకి వేలు పోసి కొంటారు, మీకూ తెలిసే ఉంటుంది. అది మలేషియాలో రకరకాల చేపల్ని కలిపి పుట్టించిన సంకర జాతి. తన ట్యాంకులో ఇంకో చేపని బతకనివ్వదు. "దీన్ని కూడా మీరే ఎవరికైనా ఇప్పించగలరా, వచ్చాక ఏం కలిసి రాలేదు" అన్నాడాయన. కలిసి రాని అదృష్టాలు కూడా చివరికి కాలవలోకే చేరుతున్నాయని అప్పుడు తెలిసింది. మూడో ఆయన తోటలో బావి ఉంది, అందులో వేస్తానన్నాడు. వద్దన్నాను.

నాలుగో ఫోను పటమటలో పళ్ళ డాక్టరు గారిది. ఆయన క్లినిక్‌లో పిల్లలు కూర్చునే చోట ఆరడుగుల ట్యాంకు ఉంది, అందులో రెండు పెద్ద ఆస్కార్ చేపలున్నాయి. ముందు ఒక్కదాన్నే వెళ్ళి చూసొచ్చాను, సంబంధం చూడ్డానికి వెళ్ళినట్టు. ట్యాంకు మీద మూత ఉందా, రాత్రి లైట్లు ఆర్పుతారా, నీళ్ళు ఎవరు మారుస్తారు, అన్నీ అడిగాను. దూరేందుకు ఒక పెద్ద చెక్క దుంగ కూడా ఉంది. బాగుందనిపించింది.

తీసుకెళ్ళిన విధానం వివరంగా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. ముందు రోజు మేత మానేశాను, బకెట్‌లో నీళ్ళు పాడవకుండా. చేపని వలతో పట్టకూడదు, రెక్క ముల్లు చిక్కుకుంటే వలకీ దెబ్బ, దానికీ దెబ్బ. ఒక ప్లాస్టిక్ డబ్బాని ట్యాంకులో ముంచి, కీరా ముక్క ఎరవేసి, డబ్బాలోకి వచ్చాక నీళ్ళతో సహా ఎత్తాం. మూతకి చిల్లులు పెట్టిన పెద్ద బకెట్‌లో పాత ట్యాంకు నీళ్ళే సగం దాకా పోసి అందులో వదిలి, పైన తడి తువ్వాలు కప్పాను. ఆటోలో నా కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా లోపల్నుంచి కిర్రు. ఆటో అబ్బాయి రెండుసార్లు బండి ఆపి చక్రం చూసుకున్నాడు.

అక్కడికెళ్ళాక ఒక్కసారిగా పడెయ్యలేదు. ఆ ట్యాంకు నీళ్ళు మగ్గుతో కొద్దికొద్దిగా బకెట్‌లో కలుపుతూ ముప్పావు గంట కూర్చున్నాం. ట్యాంకు లైటు ఆర్పేశాక వదిలితే నేరుగా దుంగ కిందికి దూరిపోయాడు. నేను రాసుకెళ్ళిన చీటీ డాక్టరు గారి చేతిలో పెట్టాను: సొరకాయ, కీరా, వారానికి ఒకసారి ఉడికించిన బఠాణీ. కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు సారెతో పాటు జాగ్రత్తలు చెప్పినట్టుందని మా అబ్బాయి నవ్వాడు.

అందరికీ పళ్ళ డాక్టరు దొరకడని నాకూ తెలుసు. ఏ దారీ దొరక్కపోతే, జబ్బు నయం కాకపోతే, పశువుల డాక్టర్ని అడిగి లవంగ నూనెతో మత్తిచ్చి బాధ లేకుండా ప్రాణం తీయించే పద్ధతి ఉంది. రాయడానికి నాకేం బాగాలేదు. కానీ మరుగుదొడ్లో వేసి నీళ్ళు కొట్టడం కంటే, గట్టు మీద గంటల తరబడి నోరు తెరుస్తూ పడి ఉండడం కంటే అది నయం. ఆ రోజు రేవులో చూసిన ఐదారు చేపలు నాకింకా గుర్తున్నాయి. ఆ జాలరి తప్పేం లేదు, ఆయన మాత్రం ఏం చేస్తాడు?

మత్స్యశాఖ వాళ్ళూ, కార్పొరేషన్ వాళ్ళూ ఈ ఉత్తరం చూస్తే ఒక మాట. చేప అమ్మే ప్రతి కొట్టులో ఆ చేప పెద్దయ్యాక ఎంతవుతుందో, ఎన్నేళ్ళు బతుకుతుందో ధర పక్కనే రాయించండి. 30 రూపాయలు అని ఉన్న చోటే అడుగున్నర, పదేళ్ళు అని కూడా ఉంటే నేను ఆ కవరు పట్టుకుని ఉండేదాన్ని కాదు. అమ్మిన కొట్టే వెనక్కి తీసుకోవాలనే నియమం పెట్టండి. కుదరకపోతే నెలకి ఒక ఆదివారం ఎక్కడో ఒకచోట నాలుగు తొట్లు పెట్టి, వద్దనుకున్నవాళ్ళ చేపలు తీసుకుని, కావలసినవాళ్ళకి ఇవ్వండి. ఆ తొట్ల దగ్గర కూర్చుని ట్యాంకు పొడవెంత అని అడిగే పని నేను చేస్తాను. జీతం అక్కర్లేదు.

మీకు చెప్పేది ఒకటే. సవరణ వేస్తారని ఆశిస్తున్నాను. వేసేటప్పుడు దయచేసి ఉత్తరాల పేజీలో వెయ్యకండి. మా మనవడు ఈ పేజీ చదవడు, వాడి ఈడు పిల్లలెవరూ చదవరు. ఆ వ్యాసం వేసిన పిల్లల పేజీలోనే, అంత పెద్ద అక్షరాల్లోనే వెయ్యండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టెలిఫోన్ ఆపరేటరు,
గుణదల, విజయవాడ