క్యూసెక్కులూ కాకిలెక్కలూ

సంపాదకుల వారికి,

గత వారం మీ జిల్లా పేజీలో ధవళేశ్వరం బ్యారేజి నుంచి ‘రెండు రోజుల్లో 12 లక్షల క్యూసెక్కులు సముద్రం పాలు’ అని పెద్ద అక్షరాలతో వేశారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. అది నీరు పారే చొప్పే గాని పారిన మొత్తం కాదు. బస్సు రెండు రోజుల్లో గంటకు 60 కిలోమీటర్లు వెళ్లిందని రాస్తే ఎంత అర్థముంటుందో దీనికీ అంతే. 12 లక్షల క్యూసెక్కులు ఒక్క రోజు నిలకడగా పారితేనే సుమారు 104 టీఎంసీలవుతుంది (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ఇంతకీ మీ 12 లక్షలు గరిష్ఠ ప్రవాహమా, రెండు రోజుల సగటా, లేక రోజుకు 6 లక్షల చొప్పున కలిపేసిన కాకిలెక్కా?

ఇది చాదస్తమని కొట్టిపారేయవద్దు. 10 లక్షల వద్ద మొదటి, 13 లక్షల వద్ద రెండో, 17 లక్షల వద్ద మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారని గోదావరి నడుమ దీవులైన మా లంకల్లో బడిపిల్లలకూ తెలుసు. 12 లక్షలంటే పశువులను ఏటిగట్టు మీదకు తోలుకోవాలి. 6 లక్షలంటే అరటి గెలలు కోయడానికి ఇంకో రోజు ఆగవచ్చు. మా రామాలయం గోడ మీద 2022 వరదకు సున్నంతో గీసిన గీత కింద నెల, తేదీ కూడా రాసి ఉన్నాయి. ఆపాటి వివరం మీ వార్తలో కరవైంది. పైగా ‘గతేడాది కన్నా 40 శాతం అధికం’ అట! గతేడాది ఎంతో మాత్రం చెప్పలేదు. వరద రాని ఏడాదితో పోల్చితే ఏ ఏడాదైనా అధికమే.

విలేకరులననేముంది, అధికారుల ప్రకటనలే అలా ఏడుస్తున్నాయి. ‘మండలంలో పంట నష్టం సగటున 20 శాతం’ అంటారు. మండలంలో అయిదో వంతైన లంక చేలు సాంతం కుళ్లిపోయి, గట్టు అవతలి చేలకు చుక్క నీరు అంటకపోయినా సగటు అంతే వస్తుంది. 33 శాతం, అంతకు మించి పంట పోయిన రైతుకే పెట్టుబడి రాయితీ అన్న నిబంధన ఉన్నప్పుడు, ఎందరు రైతులవి ఎన్ని ఎకరాలు ఆ హద్దు దాటాయో చెప్పాలి గాని ఈ సగటు ఎవరి కడుపు నింపుతుంది? ఆ ప్రకటనను అక్షరం మార్చకుండా అచ్చువేసే ముందు ఒక్క ఫోను చేసి అడిగే ఓపిక మీ కార్యాలయంలో ఎవరికీ లేకపోయిందా?

సవరణ వేయదలిస్తే ఎప్పటిలా వర్గీకృత ప్రకటనల కింద మూలకు నెట్టకుండా, అదే పేజీలో అవే పెద్ద అక్షరాలతో వేయండి. ఆ ప్రవాహం ఏ రోజు ఎన్ని గంటలకు నమోదైందో, రెండు రోజుల్లో మొత్తం ఎన్ని టీఎంసీలు పోయిందో విడివిడిగా రాయించండి.

ఇట్లు,
ఒక లంక రైతు,
కోనసీమ