మన వీధి బాబు కంటి ఆపరేషన్: జమా ఖర్చుల వివరణ

సింగ్ నగర్‌లో మన వీధి వాళ్ళందరికీ, ఫోన్ పేలో డబ్బు పంపిన ముఖం తెలియని వాళ్ళకీ నమస్కారం. బాబు ఆపరేషన్ చేయించుకుని విజయవాడ వచ్చి నెల దాటింది. లెక్క ఎప్పుడు చెప్తారని కొందరు అడిగారు, అడగాల్సిందే, ఆలస్యం మాదే. రెండు మందుల బిల్లులు దొరక్క ఆగాం, మొన్ననే వాళ్ళమ్మ కుట్టుమిషన్ సొరుగులో కనిపించాయి. బాబు పేరు, ఫొటో పెట్టొద్దని ఇంట్లోవాళ్ళు కోరారు కాబట్టి పెట్టడం లేదు.

ముందు జమ. పోయిన వినాయక చవితి ఖర్చులు పోను మిగిలింది 18,400. ఇంటింటికీ తిరిగితే 74 ఇళ్ళ నుంచి 96,750 వచ్చింది. ఆటో స్టాండ్ వాళ్ళు, అంటే బాబు నాన్నతో పాటు బండి నడిపేవాళ్ళు, తలా కొంత వేసుకుని 11,200 ఇచ్చారు. ఫోన్ పేలో 62,000. కిరాణా కొట్లో పెట్టిన డబ్బాలో చిల్లరతో కలిపి 7,385. మొత్తం 1,95,735 రూపాయలు. మొదట గ్రూపులో 1,96,235 అని పెట్టాం, అది తప్పు, ఒకే 500 రెండుసార్లు రాసుకున్నాం. క్షమించండి.

ఖర్చులోకి వెళ్ళే ముందు జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే వీధిలో రకరకాలుగా అనుకుంటున్నారు. దీని పేరు న్యూరోఫైబ్రోమటోసిస్ టైప్ 1. పదిహేడో క్రోమోజోములో ఒక జన్యువు దెబ్బతినడం వల్ల నరాల వెంబడి గడ్డలు పెరుగుతాయి, దాదాపు 3,000 మందిలో ఒకరికి వస్తుంది. అంటుకోదు. తల్లి గ్రహణం చూడటం వల్ల రాలేదు. సగం మందికి ఇంట్లో ఎవరికీ లేకుండానే కొత్తగా వస్తుంది, మన బాబుదీ అంతే, అమ్మానాన్నలనీ చెల్లెల్నీ డాక్టర్లు పరీక్ష చేసి ఏమీ లేదన్నారు. పదహారేళ్ళుగా ఆ తల్లి వింటున్న మాటలు ఇకనైనా ఆపండి, దయచేసి. బాబు ఒంటి మీద పుట్టినప్పటి నుంచీ టీ రంగు మచ్చలున్నాయి. చిన్నపిల్లల్లో అర సెంటీమీటరు దాటిన అలాంటి మచ్చలు ఆరో అంతకన్నా ఎక్కువో ఉంటే వెంటనే చూపించండి, కంటి పరీక్ష కూడా చేయించండి.

బాబుకి గడ్డ ఎడమ పై రెప్పలో పెరిగింది. ముట్టుకుంటే లోపల మెత్తటి తాళ్ళు చుట్టబెట్టినట్టు తగులుతుంది. రెప్ప అంచు మెలి తిరిగి బుగ్గ మీదికి వేలాడేది. మే నెల ఎండలో దాని కింద చెమట చేరి మంట పుడితే, చేతిరుమాలు కొస మెలిపెట్టి మెల్లగా లోపల తుడుచుకుని మళ్ళీ టోపీ కిందికి లాక్కునేవాడు. క్రికెట్ ఆడుతున్నా ఆ టోపీ తీసేవాడు కాదు.

పాత రిపోర్టులన్నీ 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో నానిపోయాయి, అందుకే ఎమ్మారై మళ్ళీ తీయించాల్సి వచ్చింది, 8,500. గడ్డ కంటి వెనక ఎంతవరకు పాకిందో, కంటి నరం మీద ఏమైనా ఉందో చూడకుండా కత్తి పెట్టరు. ఓపీ, కంటి ప్రెషర్, ఇతర పరీక్షలకి 4,260. హైదరాబాద్ ఆసుపత్రిలో ఆపరేషన్, మత్తు, నాలుగు రోజుల గది కలిపి 1,12,000. ముక్క పరీక్షకి 2,800, క్యాన్సర్ లేదని వచ్చింది. మందులకి 9,415. అప్పుడూ ఇప్పుడూ కలిపి మూడుసార్లు రైలు, ఆటోలు, లాడ్జి, భోజనాలు 14,380. కళ్ళద్దాలు 2,900. మొత్తం 1,54,255. ఈ గడ్డల్లో రక్తనాళాలు ఎక్కువ, కోస్తే బాగా కారుతుంది, అందుకని రక్తం ఇవ్వడానికి మన కుర్రాళ్ళు ముగ్గురు సొంత ఛార్జీలతో శాతవాహన ఎక్కి వచ్చారు. ఆ ఛార్జీలు ఈ లెక్కలో లేవు.

చేతిలో ఉన్నది 41,480. దీని మీదే చర్చ నడుస్తోంది. ఆపరేషన్ అయిపోయింది కదా, వచ్చే చవితికి కలిపేద్దామని కొందరు, ఇంకో పేషెంటుకి ఇద్దామని కొందరు అన్నారు. కమిటీ ఒప్పుకోలేదు. గడ్డని మొత్తం తీయలేదు, తీయలేరు కూడా, రెప్ప పైకి లేచేలా బరువు తగ్గించి సరిచేశారు. మళ్ళీ పెరగొచ్చు, ఇంకో ఆపరేషన్ పడొచ్చు. పైగా అదే కంటికి నీటికాసులు, అంటే గ్లాకోమా ఉంది, రెప్పలో ఈ గడ్డ ఉన్నవాళ్ళకి ఆ వైపు కంట్లో ప్రెషర్ పెరిగే ప్రమాదం ఎక్కువట. ఆ కంటికి ఇప్పటికే పోయిన చూపు తిరిగి రాదు, చుక్కలు రోజూ వేస్తేనే ఉన్నది నిలుస్తుంది. ఆపరేషన్ చేసినా చూపు రాలేదేంటని అడిగినవాళ్ళకి జవాబు ఇదే. సెల్యుమెటినిబ్ అనే మందు గురించి ఒకరు అడిగారు. ఆపరేషన్‌తో తీయలేని ఇలాంటి గడ్డలున్న పిల్లలకి అమెరికాలో 2020లో అనుమతిచ్చిన మందు అది. గడ్డ పెరుగుదల చూసి ఆలోచిద్దామన్నారు డాక్టరు.

కాబట్టి ఈ 41,480 బాబు కంటికే, బ్యాంకులో ముగ్గురి సంతకాల మీద ఉంచాం. చుక్కల బిల్లు నెలనెలా గ్రూపులో పెడతాం.

ఇంటర్ అడ్మిషన్‌కి మొన్న ఫొటో దిగాడు, టోపీ లేకుండా, నేరుగా కెమెరా వైపు చూస్తూ. వాళ్ళ నాన్న ఎనిమిది కాపీలు చాలవని, పదహారు తీయించాడు.

రసీదు బుక్కు, బిల్లులు కిరాణా కొట్లో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. వచ్చే నెల రెండో శనివారం ప్రెషర్ చెకప్. వాళ్ళ నాన్న బండి మానుకోకుండా ఉండాలంటే తోడుగా ఒకరు వెళ్ళాలి, వీలైనవాళ్ళు ముందురోజు రాత్రిలోగా చెప్పండి.